మంచు మీదికి గుడారం

పొద్దున్నే. మబ్బు పట్టి ఉంది. గాలి లేదు.

సాబిరా జారుడుబండిని తాడుతో లాక్కుంటూ వచ్చి సాలిహ్ బాబా ఇంటి ముందు ఆగింది. బండి మీద మూడు కట్టలున్నాయి. వెనకే కొడుకు దానియార్, కూతురు మర్జాన్, మరిది ఒరాజ్.

ఉత్తరాన చలిదేశం అది. కోక్సు అనే పెద్ద సరస్సు, దాని దక్షిణపు ఒడ్డున వాళ్ళ ఊరు. చలికాలం మొదలైతే సరస్సు పైభాగమంతా రాయిలా గడ్డకడుతుంది. జనం దాని మీద లోపలికి నడిచి వెళ్ళి, మంచులో కన్నం తవ్వి, అందులోకి గాలం వేసి కూర్చుంటారు. చేప పడేదాకా ఆ చలిలో ఊరికే కూర్చోవడం మనిషి వల్ల కాదు. అందుకే ప్రతి ఇంటికీ ఒక గుడారం ఉంటుంది. పొద్దున్న తీసుకెళ్ళి వేసుకుంటారు, సాయంత్రం మడిచి తెచ్చుకుంటారు.

రెండేళ్ళుగా సాబిరా ఇంట్లో గుడారం లేదు.

రెండేళ్ళ కిందట ఆమె భర్త సత్తార్ గుడ్డ గుడారంలో కూర్చుని ఉండగా మంచుతుఫాను లేచింది. గాలికి గుడ్డ చిరిగిపోయింది. తెల్లారి వెళ్ళి చూస్తే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గాలం చేతిలోనే ఉంది.

ఆ గుడారం కుట్టింది సాబిరాయే.

అప్పట్నుంచి పిల్లల్ని మంచు మీద అడుగు పెట్టనివ్వలేదు. ఈ ఏడు తెగులొచ్చి గొర్రెలు పోయాయి. ఇక చేపలు తప్ప దారి లేదు. పిల్లలు మంచు మీదికి వెళ్ళాల్సిందే. వెళితే మాత్రం ఏ గుడారంలో కూర్చోవాలో తనే నిర్ణయిస్తానంది. శరదృతువంతా కూర్చుని ఆ పనే చేసింది.

బాబా గుమ్మం ముందు మంచు ఊడుస్తున్నారు. ఆ ఊళ్ళో చాలామందికి ఆయనే గురువు. సాబిరా పెళ్ళికాక ముందు నుంచీ ఆయన దగ్గరికి వచ్చేది. గురువారం సాయంత్రం అందరూ ఆయన ఇంట్లో చేరి దేవుడి పేరు తలుచుకునేవారు. ఆ తర్వాత ఆయన అందరికీ ఉప్పు టీ పోసేవారు. ఆయన బోధలన్నీ కలిపినా టీ గిన్నెలన్ని ఉండవని ఒరాజ్ అనేవాడు.

"ఏం తెచ్చావు తల్లీ?"

"గుడారాలు బాబా. మూడు."

"ఎంచుకోడానికి వచ్చావా, ఎంచుకున్నాక వచ్చావా?"

సాబిరా గురువు దగ్గర అబద్ధం ఆడే మనిషి కాదు. "ఎంచుకున్నాను. మీరు చెయ్యి వేసి దేవుడికి ఒక దువా చేస్తే చాలు."

"మరి మిగతా రెండూ ఎందుకు మోసుకొచ్చావు?"

"ఇంట్లో మూడు జట్లున్నాయి బాబా," అన్నాడు ఒరాజ్. "గెలిచే జట్టు ఏదో ముందే తేలిపోయింది. మాకూ ఆడిన తృప్తి ఉండాలి కదా."

బాబా చీపురు పక్కన పెట్టారు. "విప్పండి, చూద్దాం."

దానియార్ తన కట్ట విప్పాడు. పలచటి గుడ్డ, నాలుగు సన్నటి కర్రలు. "చంకలో పెట్టుకుని పోవచ్చు బాబా. చేప ఎటు పోతే అటు," అన్నాడు. తల్లి వైపు చూడకుండా అన్నాడు. అది ఎలాంటి గుడారమో ఇద్దరికీ తెలుసు.

ఒరాజ్‌ది చెక్క పలకల గుడిసె. నాలుగు గోడలూ కప్పూ విడివిడిగా ఉంటాయి. మంచు మీదికి తీసుకెళ్ళి బిగించుకోవాలి. "దీన్ని ఏ గాలీ ఎత్తుకుపోలేదు," అని గోడ మీద చరిచి చూపించాడు.

"లాగేదెవరు చిన్నాన్నా?" అంది మర్జాన్.

"నువ్వే. వయసులో ఉన్నావు."

"అయితే ఇక గాలం నువ్వే వేసుకో. నేను అక్కడిదాకా దీన్ని లాగి, ఈ చెక్కల మీదే పడి నిద్రపోతాను."

సాబిరా నవ్వలేదు. తన కట్ట తనే విప్పింది.

దళసరి ఉన్ని కంబళి. గొర్రె ఉన్నిని వేణ్ణీళ్ళతో తడిపి, చుట్ట చుట్టి, కాళ్ళతో తొక్కి తొక్కి దట్టంగా అణచిన కంబళి. పోయిన గొర్రెల ఉన్ని అంతా అందులోనే ఉంది. గోడలకి మూడు పొరలు. కిందా కంబళే, గాలం వేసే చోట మాత్రం గుండ్రంగా కోసింది. చిన్న ఇనప పొయ్యి, కప్పులోంచి దాని గొట్టం. తలుపు కూడా కంబళే. లోపలినుంచి తోలు పట్టీలతో ముడి వేసుకోవాలి.

బాబా చేత్తో తడిమి చూశారు. వేళ్ళు ఉన్నిలోకి దిగిపోయాయి.

"ఎన్నాళ్ళు తొక్కావు దీన్ని?"

"ఎండలు తగ్గినప్పట్నుంచి."

"నా ఇంటికంటే బావుంది."

"ఇందులో కూర్చుంటే చలి అనేది తెలీదు బాబా," అంది సాబిరా. ఆ మాట అంటుంటే ఆమె గొంతు గట్టిగా ఉంది. గర్వంగా కూడా ఉంది. "తుఫాను వచ్చినా తెలీదు."

బాబా ఒక క్షణం ఆమె మొహంలోకి చూశారు.

"సరే. మంచు మీద వెయ్యండి. నేనే మొదట కూర్చుంటాను."

*

ఆ ఊళ్ళో మంచు మీదికి వెళ్ళడానికి రెండు పద్ధతులున్నాయి. వాటిని ఎవరూ దాటరు.

ఒకటి చెంచా. మంచు మీదికి వెళ్ళేవాళ్ళు తమ కొయ్య చెంచాని ఇంట్లో ఒక కూజాలో పెట్టి వెళతారు. తిరిగొచ్చాక తమ చెంచా తాము తీసుకుని అన్నానికి కూర్చుంటారు. పొద్దుగూకాక కూజాలో చెంచా మిగలకూడదు. సాబిరా ఇంట్లో కూజాలో ఒక చెంచా రెండేళ్ళుగా అలాగే ఉంది. దాన్ని తీసే హక్కు దాని మనిషికే.

రెండోది తాంబాళం. గాలి తిరిగి దక్షిణం నుంచి వీస్తే మంచు పలక ఒడ్డు నుంచి విడిపోయి లోపలికి కొట్టుకుపోవడం మొదలుపెడుతుంది. విడిపోయే చోట ముందు ఒక నల్లగీత కనిపిస్తుంది. దూరంగా మంచు మీద ఉన్నవాళ్ళకి అది కనపడదు, ఒడ్డున దిబ్బ మీద నిలబడ్డవాళ్ళకే కనపడుతుంది. అందుకని ప్రతి ఇంటి నుంచీ ఒకరు దిబ్బ మీద కాపు ఉంటారు. గీత కనపడగానే రాగి తాంబాళం మోగిస్తారు. ఆ చప్పుడు వినిపించినంత దూరంలోనే గుడారం వెయ్యాలి.

ఆ రోజూ అలాగే చూసుకున్నారు. మర్జాన్ దిబ్బ మీద నిలబడి తాంబాళం కొట్టింది. మంచు మీద నిలబడ్డ సాబిరా, ఒరాజ్, దానియార్ వినపడిందని చేతులెత్తారు. అక్కడే గుడారం లేపారు.

అంచులు గాలికి లేవకుండా సాబిరా చుట్టూ నీళ్ళు పోసింది. పోసినవి పోసినట్టే గడ్డకట్టి, కంబళి మంచుకి అతుక్కుపోయింది.

పక్కనుంచి వెళుతున్న బెక్తాస్ ఆగి చూశాడు. ఒంటరి మనిషి, నోటి దురుసు ఎక్కువ. చేతిలో గాలం, భుజాన ఖాళీ సంచి.

"అక్కా, ఇది గుడారమా, కొత్త పెళ్ళికూతురి గదా? చేపలకి కూడా తలగడలు కుట్టావా?"

"నీ సంచి సంగతి చూసుకో."

"చూసుకుంటే ఏడుపొస్తోంది." వంగి కంబళి తడిమాడు. నవ్వు ఆగిపోయింది. "అబ్బ," అన్నాడు నెమ్మదిగా. "ఇలాంటిది నాకూ ఒకటుంటే."

బాబా నడుములోంచి తన చెంచా తీసి సాబిరా చేతిలో పెట్టారు. "మీ కూజా దూరం. నీ దగ్గరే ఉంచు. నువ్వు ఒడ్డుకి వెళ్ళి తాంబాళం కొట్టు. వినపడగానే వచ్చేస్తాను."

లోపలికి వెళ్ళారు. తోలు పట్టీలు బిగుసుకున్న చప్పుడైంది.

*

అందరూ ఒడ్డుకొచ్చారు. సాబిరా దిబ్బ ఎక్కింది. చెయ్యి బాగా ఆడాలని పైకోటు విప్పి మర్జాన్‌కిచ్చింది. కర్రసుత్తి ఎత్తి కొట్టింది.

చప్పుడు మంచు మీద పరుగెత్తింది. దూరంగా కాకులు లేచాయి.

గుడారం తలుపు కదల్లేదు.

"టీ తాగుతూ ఉంటారు," అన్నాడు ఒరాజ్.

మళ్ళీ కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది.

"ఆయన చెవులకీ వయసొచ్చింది కదా వదినా."

"గురువారం వెనక వరసలో నువ్వు పెట్టిన గురక కూడా ఆయనకి వినపడింది చిన్నాన్నా," అన్నాడు దానియార్. అని, తను కూడా గుడారం వైపే చూస్తూ ఉండిపోయాడు.

గుడారం నెత్తిన సన్నటి పొగ నిటారుగా లేస్తోంది. లోపల అంతా బాగానే ఉన్నట్టు.

సాబిరా కొడుతూనే ఉంది. మధ్యలో తాంబాళం వదిలేసి "బాబా!" అని అరిచింది. అరిచాక ఆమెకి తెలిసింది, ఈ దిబ్బ మీద తను ఇలాగే ఒకసారి అరిచిందని. ఆ రోజు గాలి గొంతుని లాక్కుపోయింది. ఈ రోజు గాలి లేదు. అయినా గొంతు ఎక్కడికీ చేరడం లేదు.

పరుగెత్తింది.

కోటు గుర్తు రాలేదు. రెండుసార్లు జారిపడి లేచింది. గుడారం చేరి రెండు చేతులతో గోడని బాదింది. మెత్తటి గోడ దెబ్బని మింగేసింది. ఎంత గట్టిగా బాదినా చప్పుడు లేదు. అంచు పట్టుకుని లాగితే మంచుకి అతుక్కుపోయి రాలేదు. తలుపు లాగితే లోపల ముడులు బిగుసుకున్నాయి. అంతా తను చేసిందే. గట్టి పని.

నడుములో చేపలు కోసే కత్తి ఉంది. తలుపుని పైనుంచి కిందికి కోసేసింది.

లోపల బాబా మఠం వేసుకుని కూర్చుని ఉన్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చేతిలో టీ గిన్నె. తలెత్తి చూశారు.

"పిలిచావా తల్లీ?"

సాబిరా తల ఊపింది.

"అలాగా." గిన్నెలో మిగిలింది తాగారు. "లోపల చాలా బావుంది."

ఆమె అక్కడే మంచు మీద కూలబడింది. ఊపిరి కుదురుకోడానికి చాలాసేపు పట్టింది.

"గుడ్డది వేస్తే చలి చంపుతుంది," అంది చివరికి. "ఇది వేస్తే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "నేనేం చెయ్యాలి బాబా?"

బాబా పొయ్యి ఆర్పి బయటికొచ్చారు. కోసేసిన తలుపు సగం ఊడి వేలాడుతోంది. దాన్ని పూర్తిగా లాగి, దులిపి, ఆమె భుజాల మీద కప్పారు. తోలు పట్టీలు ఆమె మెడ దగ్గర ముడి వేశారు. బిగుతుగా కాదు, వేలితో లాగితే ఊడొచ్చేటట్టు.

"నా చెంచా," అని చెయ్యి చాపారు.

ఇచ్చింది. ఆయన దాన్ని నడుములో దోపుకుని ఇంటికి నడిచారు.

సాబిరా లేవలేదు. ఇప్పుడే సన్నగా గాలి మొదలైంది. గాలి ఆమె వీపుకి తగులుతోంది. చలి తగలడం లేదు. మర్జాన్ ఒడ్డునుంచి ఏదో అంటోంది. ప్రతి మాటా వినపడుతోంది.

*

ఆ మధ్యాహ్నమే ఇంటి ముందు కంబళి పరిచి, ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర పట్టుకుంది.

"వదినా, ఒక్క మాట," అన్నాడు ఒరాజ్. "తలుపు ఒక్కటే కదా చిరిగింది. కుట్టుకుంటే పోతుంది."

"చెయ్యి చాపు. పొడుగు చూడాలి."

"శరదృతువంతా తొక్కావు..."

"రెండో చెయ్యి."

కత్తెర పడింది. దళసరి కంబళి తేలిగ్గా తెగదు. సాబిరా పిడికిలి బిగించి, పళ్ళు బిగించి కోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. గోడలు కోటులయ్యాయి. కప్పు టోపీలయింది, చెవుల దగ్గర మాత్రం ఖాళీ వదిలి కుట్టింది. నేల పరుపు మోకాళ్ళ దాకా వచ్చే జోళ్ళయింది. మర్జాన్ పక్కన కూర్చుని తోలుదారం ఎక్కించి ఇస్తూ ఉంది. తల్లి ఏడుస్తుందేమోనని మధ్యమధ్యలో చూసింది. తల్లి ఏడవలేదు.

బెక్తాస్ కంచె మీద వాలి చూస్తూ నిలబడ్డాడు.

"పిచ్చి పట్టిందా అక్కా? అంత మంచి గుడారం! నాకిచ్చినా దువా చేసేవాణ్ణి."

"దాంట్లో కూర్చుంటే తాంబాళం వినపడదు బెక్తాస్."

"బయట నిలబడి చేతులెత్తారుగా?"

"బయట నిలబడి ఎత్తాం. కూర్చునేది లోపల కదా."

బెక్తాస్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు. "నాకేం ఫరవాలేదులే. వినపడితే మాత్రం నన్ను పిలిచేవాళ్ళెవరు? నాకు కూజా లేదు, కాపు లేదు. వెచ్చగా ఉంటే చాలు."

"వద్దు. నా మాట విను."

"మూడు పొరలు కదూ?"

అని వెళ్ళిపోయాడు. మర్జాన్ దారం పట్టుకుని అతను వెళ్ళిన వైపే కొంచెంసేపు చూసింది.

చివరికి దానియార్ గుడ్డ గుడారమే మిగిలింది. సాబిరా దాన్ని ముట్టుకోడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు ముట్టుకుంది. ఒడ్డు వైపుకి వచ్చే పక్క గుడ్డ మొత్తం కత్తిరించి తీసేసింది.

"ఈ పక్క తెరిచే ఉంచాలి. ఎంత చలిగా ఉన్నా సరే. నేను మీకు కనపడాలి, మీరు నాకు కనపడాలి."

"సరేనమ్మా," అన్నాడు దానియార్.

"గాలి తిరిగితే గుడారం సంగతి చూడొద్దు. చేపల సంగతి చూడొద్దు. ఒంటి మీద ఉన్నదానితో వచ్చెయ్యాలి."

"సరే."

"ఏది, ముగ్గురూ అనండి."

ముగ్గురూ అన్నారు. ఒరాజ్ అందరికంటే గట్టిగా అన్నాడు. కొత్త కోటులో అతను నిలబెట్టిన గడ్డిమేటులా ఉన్నాడని మర్జాన్ అంది.

*

చలికాలం సగం గడిచాక ఒకరోజు. మధ్యాహ్నం దాటింది. ఎండ కాసింది. ఎండ వెంటే దక్షిణపు గాలి వస్తుందని సాబిరాకి తెలుసు. ముక్కుకి తగులుతున్న గాలి అప్పటిదాకా ఎదురుగా ఉంది. ఉన్నట్టుండి అది వీపు వైపుకి మారింది.

దిబ్బ మీద నిలబడి కళ్ళు చిట్లించి చూసింది. ఒడ్డుకి కొంచెం దూరంలో, తెల్లటి మంచు మీద ఎవరో బొగ్గుతో గీసినట్టు, సన్నటి నల్లగీత.

తాంబాళం మోగింది.

రెండో దెబ్బ పడేలోపే గుడ్డ గుడారంలోంచి ముగ్గురు బయటికొచ్చారు. అటూ ఇటూ ఉన్న గుడారాల్లోంచి కూడా జనం వచ్చారు. మిగతా తాంబాళాలు కూడా అందుకున్నాయి. అందరూ పరుగెత్తుతున్నారు. సాబిరా చూపు ఆ మూడు బూడిదరంగు కోటుల మీదే ఉంది.

మూడు వస్తున్నాయి.

రెండు వస్తున్నాయి.

ఒకటి ఆగింది. వెనక్కి తిరిగింది. అటు, దూరంగా, అందరికంటే లోపల ఒక నల్లటి గుడారం ఉంది. బెక్తాస్ కుట్టుకున్న మూడు పొరల కంబళి గుడారం. దాని నెత్తిన పొగ లేస్తూనే ఉంది. దాని తలుపు తెరుచుకోలేదు.

ఆ నడక మర్జాన్‌ది. తల్లికి ఎంత దూరాన ఉన్నా తెలుస్తుంది.

సాబిరా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సుత్తి జారబోయింది. కాలు ముందుకి పడింది.

ఆమె పక్కకి ఎప్పుడొచ్చారో బాబా వచ్చి నిలబడ్డారు. ఆయన ఆమెని పట్టుకోలేదు.

"చెయ్యి ఆపకు," అన్నారు.

సాబిరా కాలు వెనక్కి తీసుకుంది. సుత్తి ఎత్తింది. కొట్టింది. నల్లగీత తాడంత అయింది. కొట్టింది. ఒరాజ్, దానియార్ గీత దగ్గరికి చేరారు. దానియార్ అక్కడెవరో వదిలేసిన జారుడుబండిని ఈ అంచు నుంచి ఆ అంచుకి వంతెనలా అడ్డంగా తోశాడు. జనం దాని మీదుగా ఒక్కొక్కరే ఇటు దాటుతున్నారు. దానియార్ దాటలేదు. బండి చివర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒరాజ్ దాటి, ఇవతలి కొస పట్టుకున్నాడు.

గాలికి మంచుపొడి లేచింది. లోపల ఉన్నవేవీ కనపడటం లేదు. గుడారం లేదు, కోటు లేదు. అంతా తెలుపు.

కనపడనివాళ్ళకి చప్పుడొక్కటే దారి. సాబిరా కొట్టింది. బొబ్బలు చితికాయి. రక్తం సుత్తిపిడి మీద గడ్డకట్టింది. చెయ్యి మార్చుకుంది. కొట్టింది. నోట్లో దేవుడి పేరు ఉందో కూతురి పేరు ఉందో ఆమెకే తెలీదు. దెబ్బ దెబ్బకీ ఒకే మాట. మిగతావాళ్ళు తమవాళ్ళు వచ్చేశాక తాంబాళాలు దించేశారు. ఆమెని చూసి మళ్ళీ ఎత్తారు.

"అమ్మా, బండి జరుగుతోంది!" అని దానియార్ అరిచాడు.

"పట్టుకో!" అని సాబిరా అరిచింది. కొట్టింది.

తెలుపులోంచి బూడిదరంగు వచ్చింది. ఒకటి కాదు, రెండు ఆకారాలు. ముందుది వెనకదాన్ని చెయ్యిపట్టి ఈడ్చుకొస్తోంది.

*

సాయంత్రం. గాలి ఇంకా వీస్తోంది. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది.

"తలుపు మీద బాదితే వినపడలేదమ్మా," అంది మర్జాన్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "కత్తితో కోసేశాను. నువ్వు కోసినట్టే. లోపల ఈయన మఠం వేసుకుని పాట పాడుకుంటున్నాడు."

బెక్తాస్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు ఉన్నాడు. తలమీద టోపీ కూడా లేదు.

"నీకు నేనెవర్ని, ఎందుకొచ్చావని అడిగాను అక్కా దీన్ని," అన్నాడు చివరికి. "'మా అమ్మ పిలుస్తోంది, రా మామా' అంది."

గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"నా పాట గురించి ఎవరూ ఏమీ అడగట్లేదు," అన్నాడు మళ్ళీ, ఏదో ఒకటి అనాలని.

"అడగడం ఎందుకు? దేవుడు మంచు పగలగొట్టింది అందుకే," అన్నాడు ఒరాజ్.

బాబా పొయ్యి పక్కన కూర్చుని చేతులు కాచుకుంటున్నారు.

"గుడారం ఏమైంది తల్లీ?"

"కొట్టుకుపోయింది బాబా. గుడ్డా కర్రలూ అన్నీ."

"మంచి గుడారం," అన్నారు బాబా.

సాబిరా పులుసు దించింది. కూజా తెచ్చి మధ్యలో పెట్టింది. ఒరాజ్ తన చెంచా తీసుకున్నాడు. దానియార్ తీసుకున్నాడు, వేళ్ళు ఇంకా మడతపడటం లేదు. మర్జాన్ తీసుకుంది. బాబా తనది నడుములోంచి తీశారు.

బెక్తాస్ ఉత్త చేతులతో కూర్చున్నాడు.

కూజాలో ఒక చెంచా మిగిలింది. పిల్లలిద్దరూ దాన్ని చూసి తల తిప్పుకున్నారు. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు.

సాబిరా దాన్ని తీసింది. కొంగుతో తుడిచింది. పిడి అరిగి నున్నగా ఉంది. ఒక్క క్షణం అరచేతిలో ఉంచుకుంది. రక్తం ఎండిన అరచెయ్యి అది.

"తిను," అని బెక్తాస్ చేతిలో పెట్టింది.

అతను చెంచా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గిన్నెలోకి వంగాడు.

గాలి గోడల్ని తోస్తోంది. లోపల చెంచాలు గిన్నెలకి తగులుతున్న చప్పుడు. సాబిరా తినలేదు. గోడకి ఆనుకుని, వేలు ఎత్తకుండా, పెదవులు కదపకుండా లెక్కపెట్టింది.

ఒరాజ్. దానియార్. మర్జాన్. బెక్తాస్.

కూజా ఖాళీ.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.